ఎద్దును ఎంచినట్లే ల్యాప్‌టాప్‌నూ ఎంచారు

ఎద్దును ఎలా ఎంచుకోవాలో ప్రకాశం జిల్లా రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. సంతలో కోడె కంటికి నచ్చగానే ధర అడగడు. ముందు చుట్టూ తిరిగి చూస్తాడు. నోరు తెరిపించి పళ్లు లెక్కపెడతాడు. గిట్టలు చూస్తాడు. మూపురం నిమురుతాడు. నాలుగడుగులు నడిపించమంటాడు. వీలైతే కాడి కట్టి రెండు చాళ్లు దున్నించి చూస్తాడు. బేరం ఆ తర్వాత సంగతి.

చాలా ఊళ్లలో ఎద్దుల స్థానంలో ట్రాక్టర్లు వచ్చి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు పల్లె ఇళ్లలోకి కొత్తగా వస్తున్న వస్తువు ల్యాప్‌టాప్. పిల్లలకు ఇంజనీరింగులో సీటు వస్తే అది కొనక తప్పడం లేదు. దాని ధర ఒక పాడి గేదె ధరకు దగ్గరగా ఉంటుంది. గేదెను కొనేటప్పుడు పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుందో పితికి చూస్తారు. ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం దుకాణంవారు చూపిందే తెచ్చుకుంటున్నారు. సంచి ఉచితమంటే సంతోషిస్తున్నారు.

కొండపి ప్రాంతంలోని ఒక పొగాకు రైతు ఇంట్లో అలా జరగలేదు. 2024 వేసవిలో ఆ ఇంటి అమ్మాయి ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్ రాసి, ఆ మర్నాటి నుంచే ల్యాప్‌టాప్ కోసం వెతకడం మొదలుపెట్టింది. వెతుకులాట రెండు నెలలు సాగింది. కొన్నది ఒక్క రోజులోనే. ఆ ఇంటివారు ఇప్పటికీ చెప్పుకొనేది మాత్రం ఆ రెండు నెలల గురించే.

పాల డబ్బు

ల్యాప్‌టాప్ డబ్బు తల్లిది. ఇంట్లో రెండు గేదెలున్నాయి. పాల కేంద్రం నుంచి వచ్చే డబ్బులో నెలకు 700 రూపాయల చొప్పున ఆమె ఐదేళ్లపాటు పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ కట్టింది. గడువు తీరాక చేతికి 50 వేల చిల్లర వచ్చింది. పొగాకు బేళ్లు అమ్మగా వచ్చే డబ్బు హాస్టలుకు, పాత బాకీలకు సరిపోతుంది. కనుక ల్యాప్‌టాప్‌కు ఉన్నది ఈ 50 వేలే. ఒకసారి తప్పు కొంటే మళ్లీ కొనే శక్తి లేదు. నాలుగేళ్ల చదువూ దానితోనే గడవాలి.

తప్పు కొంటే ఏమవుతుందో చూడటానికి వాళ్లు దూరం పోనక్కరలేకపోయింది. పెదనాన్న కొడుకు 2022లో పట్నంలో ఒకటి కొన్నాడు. అద్దంలా మెరిసేది. రెండో ఏడు తిరగకుండానే, మూత తెరుస్తుంటే ఒక మూల టప్పుమన్నది. ప్లాస్టిక్ చీలి, లోపలి బందు బయటికి పొడుచుకు వచ్చింది. వారంటీ ముగిసింది కనుక పైభాగం, కింది భాగం మొత్తం మార్చాలని, 9 వేలు అవుతుందని చెప్పారు. అతను టేపు చుట్టి, మూత కదపకుండా గోడకు ఆనించి వాడుకుంటున్నాడు.

ఆచారి చూపిన లోపం

ఆ రోజుల్లోనే బ్యారన్ తలుపు బిగించడానికి ఊరి వడ్రంగి ఆచారి వచ్చాడు. వయస్సు డెబ్బై దాటింది. ఒకప్పుడు బండ్లు చేసిన మనిషి. టేపు చుట్టిన ల్యాప్‌టాప్‌ను అమ్మాయి ఆయనకు చూపించింది.

ఆయన కళ్లజోడు సవరించుకొని, పగిలిన మూలలో వేలు పెట్టి చూశాడు. “బందు శుభ్రంగా ఉందమ్మాయ్. ఇనుముకేం కాలేదు. అది పట్టుకున్న చోటు పోయింది” అన్నాడు. “తలుపు బరువు బందు మీద ఉందనుకుంటారు. బరువంతా మేకు దిగిన చెక్క మీద ఉంటుంది. చెక్క మెత్తనైతే ఎంత గట్టి బందు వేసినా ఊడి చేతికొస్తుంది” అని చెప్పాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ల్యాప్‌టాప్ మూత ఏ కోణంలో నిలిపితే ఆ కోణంలో నిలబడాలి. అందుకని బందును బిగువుగా చేస్తారు. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బిగువంతా మరలు దిగిన చోట పడుతుంది. చౌక రకాలలో ఆ చోటు ప్లాస్టిక్ గుబ్బ. అందులో ఒక చిన్న ఇత్తడి గొట్టం పొదిగి దానిలోకి మర బిగిస్తారు. కొన్నాళ్లకు గొట్టం ప్లాస్టిక్‌ను చీల్చుకొని ఊడివస్తుంది. బాగా కట్టిన రకాలలో బందును లోహపు చట్రానికే బిగిస్తారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఆ సాయంత్రం అమ్మాయి ఒక రూళ్ల పుస్తకం తీసి మొదటి పేజీలో “బందు దేనికి బిగించారు?” అని రాసుకున్నది.

రూళ్ల పుస్తకం నిండింది

తర్వాతి రోజుల్లో పుస్తకంలో పేజీకొక ప్రశ్న చేరింది. సమాధానాల కోసం ఆమె చేతిలోని సెల్‌ఫోనే ఆధారం. రిపేరు చేసేవారు ల్యాప్‌టాప్‌లను విప్పి లోపల చూపే వీడియోలు ఉంటాయి. ఆఫీసుల కోసం ల్యాప్‌టాప్‌లు చేసే పెద్ద కంపెనీలు, ఏ మర ఎక్కడ ఉన్నదో, ఏ భాగం ఎలా తీయాలో బొమ్మలతో చెప్పే మరమ్మతు పుస్తకాలను అందరికీ అందుబాటులో పెడతాయి. కొనకముందే ఆ పుస్తకం చదవవచ్చని చాలామందికి తెలియదు. పక్కింటి పిల్లలు సినిమాలు చూసే వేళ ఆమె ఇవి చూస్తూ కూర్చునేది.

రాత్రి భోజనాలయ్యాక తాత మంచం దగ్గర రోజూ పాఠం జరిగేది. “ఇవాళ ఏం తేలిందే?” అని ఆయన అడిగేవాడు.

ఒక రాత్రి ప్రాసెసర్ పేర్ల సంగతి తేలింది. ప్రాసెసర్ అంటే ల్యాప్‌టాప్‌లో లెక్కలు చేసే ముఖ్యమైన చిప్. దాని పేరులోని అంకెలు పెద్దవైతే యంత్రం గొప్పదని దుకాణాల్లో చెబుతారు. ఆ అంకెలకు అర్థం వేరే ఉన్నది. ఏఎండీ కంపెనీ 2023లో తెచ్చిన పద్ధతిలో రైజెన్ 7520యు అన్న పేరు ఉంటే, మొదటి 7 అంకె 2023 సంవత్సరపు సరుకు అని చెబుతుంది. లోపలి నిర్మాణం ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. ఇక్కడ అది 2. అంటే 2019లో వచ్చిన జెన్ 2 తరం. 7530యులో మూడో అంకె 3. అది 2020లో వచ్చిన జెన్ 3 తరం. పేర్లలో తేడా ఒక్క అంకె. లోపల తేడా ఒక తరం. 2024 నుంచి వచ్చిన కొన్ని కొత్త చిప్‌లకు ఆ కంపెనీ వేరే తరహా పేర్లు పెట్టింది కనుక కొనేవారు మళ్లీ చూసుకోవాలి.

తాతకు ఇది వెంటనే బోధపడింది. “సంచి మీద తేదీ కొత్తది, లోపల విత్తనం పాతది” అన్నాడు. పాత విత్తనమైనంత మాత్రాన మొలవదని కాదు. ఆ సంగతి తెలిసి, ఆ ధరకే కొనాలి.

ఇంకో రాత్రి బ్యాటరీ లెక్క వచ్చింది. బ్యాటరీ ఎంత పెద్దదో వాట్-అవర్లలో చెబుతారు. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్నదనుకుందాం. యంత్రం సగటున 7 వాట్లు వాడితే 6 గంటలు వస్తుంది. 14 వాట్లు వాడితే 3 గంటలే. తొట్టిలో నీళ్లెన్ని, మోటారు గంటకు ఎన్ని తోడుతుంది అన్న లెక్క లాంటిదే ఇది. “పది గంటలు వస్తుంది” అన్న మాటను పక్కనపెట్టి వాట్-అవర్లు అడగాలని ఆమె రాసుకున్నది.

తల్లి పాలు పితుకుతూ ఒకరోజు, “కొనకముందే సగం చదువు చదివేశావు కదే” అని నవ్వింది.

ఇటుక బరువు నుంచి పలక దాకా

వెతికే కొద్దీ అమ్మాయికి ఈ వస్తువు చరిత్ర మీదికి మనసు పోయింది. 1981లో అమెరికాలో ఆస్బర్న్ 1 అనే కంప్యూటర్ వచ్చింది. చేత పట్టుకొని పోవచ్చని దాన్ని అమ్మారు. బరువు సుమారు 11 కిలోలు. తెర 5 అంగుళాలు. ఎక్కడికి మోసినా కరెంటు ప్లగ్గు వెతుక్కోవలసిందే.

మరుసటి ఏడాది, 1982లో గ్రిడ్ కంపాస్ వచ్చింది. బ్రిటన్‌కు చెందిన బిల్ మోగ్రిడ్జ్ దానికి రూపం ఇచ్చాడు. తెరను కీబోర్డు మీదికి పుస్తకంలా మూసే పద్ధతి అందులో ఉన్నది. ఈనాటి ల్యాప్‌టాప్‌లన్నీ ఆ రూపానికి వారసులే. దాని ఒళ్లు మెగ్నీషియం మిశ్రమ లోహం. ధర 8 వేల డాలర్లకు పైమాటే. అమెరికా వారి స్పేస్ షటిల్‌లో అంతరిక్షానికి కూడా వెళ్లింది. అంటే మొదటి రోజుల్లోనే గట్టి ఒళ్లు, మంచి బందు ఎందుకు అవసరమో చేసేవారికి తెలుసు.

1992లో ఐబీఎం కంపెనీ నల్లని థింక్‌ప్యాడ్ 700సీ తెచ్చింది. జర్మన్ రూపశిల్పి రిచర్డ్ సాపర్ జపానువారి నల్లటి భోజనం పెట్టెను చూసి దానికి ఆ రూపం ఇచ్చాడు. 2005లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని చైనా కంపెనీ లెనోవోకు అమ్మింది. 2008లో ఆపిల్ కంపెనీ ఒకే అల్యూమినియం దిమ్మెను తొలిచి ల్యాప్‌టాప్ ఒళ్లు చేయడం మొదలుపెట్టింది. 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికా కంపెనీ, కొన్నవారే విప్పి భాగాలు మార్చుకొనే ల్యాప్‌టాప్‌ను అమ్మకానికి పెట్టింది.

ఈ కబుర్లు విని ఆచారి ఒక్కటే అడిగాడు. “ఒకే దిమ్మెలో తొలిచారా? రోలు చేసినట్లన్నమాట.”

“మనవాడి దుకాణం”

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ర్యాంకు బాగానే వచ్చింది. ఆ వారమే అసలు చిక్కు వచ్చిపడింది. తండ్రి తరఫు దగ్గరి బంధువు ఒకాయన ఫోన్ చేశాడు. పట్నంలో తనకు బాగా తెలిసిన దుకాణం ఉన్నదని, 46 వేలకే ఇప్పిస్తానని, సంచి, హెడ్‌ఫోన్లు, మౌస్ ఉచితమని చెప్పాడు. తండ్రి సరేనన్నాడు. ఆ బంధువు గతంలో ఆసుపత్రి ఖర్చులకు ఆదుకున్న మనిషి. కాదనడం కష్టం.

అమ్మాయి ఆ ల్యాప్‌టాప్ పేరు అడిగి పుస్తకంలో వెతికింది. అది పెదనాన్న కొడుకు కొన్న వరుసలోని తర్వాతి రకం. బందు మళ్లీ ప్లాస్టిక్ గుబ్బలకే. మెమరీ 8 జీబీ, అదీ బోర్డుకు అతికించి ఉన్నది. పెంచుకొనే వీలు లేదు.

ఇంట్లో రెండు రోజులు మాటలు లేవు. “నాన్నా, ఇది వద్దు” అని కూతురు. “ఆయనకు మాటిచ్చాను, ఏమని చెప్పను?” అని తండ్రి. “ఫోనులో చూసి నీకేం తెలుస్తుంది?” అని కూడా అన్నాడు. మూడో రోజు తాత కలగజేసుకున్నాడు. “మొహమాటానికి ఎద్దును కొంటే రేపు దున్నేది మొహమాటం కాదు, ఎద్దే దున్నాలి. డబ్బు కోడలిది. దాన్నడుగు” అన్నాడు.

తల్లి తడుముకోలేదు. “దాని చేతికి ఇచ్చి చూపించండి. చేత్తో చూసి కాదంటే కాదు” అన్నది. తండ్రి బంధువుకు ఫోన్ చేసి, అమ్మాయి వచ్చి చూశాకే కొంటామని చెప్పాడు. అవతలి నుంచి వచ్చిన సమాధానం ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఒంగోలులో మూడు దుకాణాలు

జూలైలో ఒక శనివారం తాత, తండ్రి, కూతురు ఒంగోలు బస్సెక్కారు. ఆ బంధువు చెప్పిన చోటుతో కలిపి మూడు దుకాణాలు తిరిగారు.

అమ్మాయి చూసే పద్ధతి ఇది. ముందు మూతను ఒంటి చేత్తో తెరుస్తుంది. కింది భాగం బల్ల మీద నుంచి లేవకుండా మూత సమంగా తెరుచుకోవాలి. తెరిచిన మూతను వేలితో తట్టి, ఊగడం ఎంతసేపట్లో ఆగుతుందో చూస్తుంది. కీబోర్డు మధ్యలో బొటనవేలితో నొక్కుతుంది. చట్రం గట్టిదైతే దిగదు. ఒక మూల పట్టుకొని పైకెత్తుతుంది. కిర్రుమంటే లోపల పట్టు లేదని లెక్క. ఒక పేరా టైపు చేస్తుంది. తెరను పక్క నుంచి చూస్తుంది. రంగులు వెలిసిపోతే నాసి తెర.

తాత మాత్రం ప్రతిదాన్నీ బోర్లించి చూశాడు. “పైన రంగు ఎవరైనా వేస్తారు. అడుగు చూడాలి” అన్నది ఆయన వాదన. అందులోనూ న్యాయముంది. మరలు కనిపిస్తే విప్పి బాగుచేసే వీలున్నదని అర్థం. భారత ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య అక్కడే ఉంటాయి. ల్యాప్‌టాప్‌కూ, ఛార్జరుకూ ఆ సంఖ్య వేర్వేరుగా ఉండాలి. లేకుంటే కొనకూడదు.

రెండో దుకాణంలో కుర్రవాడు విసుగుపడి, “ఏమ్మా, కొనడానికి వచ్చావా, పరీక్ష పెట్టడానికా?” అన్నాడు. “రెంటికీ” అన్నాడు తాత. యజమాని నవ్వి, కుర్చీలు వేయించి, లోపల ఉన్నవి కూడా తీయించాడు.

బంధువు చెప్పిన ల్యాప్‌టాప్ మూత తెరవగానే కింది భాగం కూడా పైకి లేచింది. మూల పట్టుకొని ఎత్తితే కిర్రుమన్నది. తండ్రి అది తన చేతిలోకి తీసుకున్నాడు. ఆకును వేళ్ల మధ్య నలిపి గ్రేడు చెప్పగల మనిషి ఆయన. రెండుసార్లు తెరిచి మూశాడు. ఏమీ అనకుండా బల్ల మీద పెట్టేశాడు.

చివరికి మిగిలినవి మూడు

ఇంటికి వచ్చాక పుస్తకంలో మూడు మిగిలాయి.

మొదటిది పలుచగా, వెండిలా మెరిసే కొత్తది. ధర 48 వేలు. 16 జీబీ మెమరీ. అయితే మెమరీ బోర్డుకే అతికించి ఉన్నది. బందు ప్లాస్టిక్‌కు బిగించినది.

రెండోది సికింద్రాబాదులో పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లను శుభ్రం చేసి అమ్మేచోట దొరికేది. ధర 21 వేలు. ఒళ్లు గట్టిది. కీబోర్డు అన్నిటికన్నా మంచిది. అయితే పాతవాటిలో ఒక జాగ్రత్త అవసరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని అప్పటికే ప్రకటించారు. అలాగే ముగిసింది కూడా. విండోస్ 11కు ఇంటెల్ చిప్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. ఐ5-8250యు అని ఉంటే 8వ తరం. 7తోనో 6తోనో మొదలైతే అంతకన్నా పాతది. చవకగా వచ్చిందని అలాంటిది కొంటే లినక్స్ వేసుకొని వాడాలి. అమ్మాయి చూసినది 8వ తరమే. కాని బ్యాటరీ పాతది, వారంటీ నెలల్లో ముగుస్తుంది.

మూడోది ఆఫీసుల కోసం చేసే వరుసలోని కొత్తది. నల్లగా, మొద్దుగా ఉంటుంది. ధర 51,500. మెమరీ 8 జీబీయే. కాని రెండో మెమరీ పెట్టుకోవడానికి చోటు ఖాళీగా ఉన్నది. బందు లోహపు చట్రానికి బిగించినది. ఏడాదిపాటు మనిషి ఇంటికే వచ్చి బాగుచేసే వారంటీ ఉన్నది.

సైన్యం పరీక్షలు నెగ్గిందని మొదటిదానికీ, మూడోదానికీ రాసి ఉన్నది. అమెరికా రక్షణ శాఖ 1962లో మొదట ప్రకటించిన ‘మిల్-స్టాండర్డ్ 810’ పరీక్షలు అవి. వేడి, చలి, దుమ్ము, ఊపు, పడటం వంటి పరీక్షా పద్ధతులు చాలా ఉంటాయి. అందులో ఏవి చేయించాలో కంపెనీయే ఎంచుకుంటుంది. నెగ్గిందని ముద్ర వేసే ప్రభుత్వ కార్యాలయం ఏదీ లేదు. కనుక ఆ మాట ఒక్కదాన్నే నమ్మి కొనడానికి లేదని ఆమె రాసుకున్నది.

“తక్కువ మెమరీకి ఎక్కువ డబ్బా?” అని తండ్రి అడిగాడు. ఈసారి గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగాడు. “మెమరీ తర్వాత కొని పెట్టుకోవచ్చు నాన్నా. బందు పట్టిన చోటు తర్వాత కొనలేం” అన్నది కూతురు. తక్కువ పడిన డబ్బు తల్లి ఆ పక్షం పాల బిల్లులోంచి ఇచ్చింది. తరగతులు మొదలయ్యే వారం ముందు మూడోది ఇంటికి వచ్చింది. ఆచారిని పిలిచి ముందు ఆయన చేత మూత తెరిపించారు.

రెండేళ్ల వాడకంలో

ఆ ల్యాప్‌టాప్ ఇప్పటికి ఏమేమి చూసిందో వినదగ్గది. మొదటి సంవత్సరంలోనే హాస్టలులో మంచం మీది నుంచి సిమెంటు నేల మీద పడింది. ఒక మూల సొట్ట పోయింది. బందు కదలలేదు. రెండో ఏట ఆమె స్వయంగా అడుగు మరలు విప్పి, మరో 8 జీబీ మెమరీ పెట్టుకున్నది. అప్పుడు ఖర్చు 2 వేల రూపాయలు. ఆలస్యం చేయకపోవడం మేలయింది. 2025 చివరి నుంచి ప్రపంచమంతటా మెమరీ ధరలు బాగా పెరిగాయి.

పొరపాటూ ఒకటి జరిగింది. తెర వెలుతురును ఆమె తేలికగా తీసుకున్నది. ఆ వెలుతురును నిట్‌లలో చెబుతారు. ఆమె కొన్నది 250 నిట్‌ల తెర. దుకాణంలో ట్యూబులైట్ల కింద బాగానే కనిపించింది. ఇంటికి వచ్చి పగటిపూట వసారాలో కూర్చుంటే అక్షరాలు సరిగ్గా కనిపించవు. సెలవులకు ఇంటికి వస్తే లోపలి గదిలోనే చదువుకోవలసి వస్తున్నది. ఎద్దును ఎండలో నడిపించి చూస్తాం, దీన్ని మాత్రం నీడలో చూశామని తాత ఇప్పటికీ అంటుంటాడు.

ఫోన్ చేసిన బంధువు ఆ ఏడు సంక్రాంతికి రాలేదు. తండ్రికి ఆ బాధ ఉండిపోయింది. మరుసటి ఏడు తనే వెళ్లి పిలుచుకు వచ్చాడు. ల్యాప్‌టాప్ మాట ఇద్దరూ ఎత్తలేదు.

కొనబోయేవారు గుర్తుంచుకోవలసినవి

చదివే కోర్సుకు ఏమి కావాలో ముందు కాలేజీలో పై తరగతి పిల్లలను అడగాలి. పెద్ద బొమ్మలు గీసే కోర్సులకూ, రాతకోతల కోర్సులకూ అవసరాలు వేరు.

హార్డ్ డిస్కు కాకుండా ఎస్ఎస్‌డీ ఉన్నదే తీసుకోవాలి. మెమరీ 8 జీబీకి తగ్గకూడదు. పెంచుకొనే చోటు ఉన్నదా అని అడగాలి.

సర్వీసు సెంటరు ఎంత దూరమో తెలుసుకోవాలి. ఇంటికి వచ్చి చేసే వారంటీ పల్లెవారికి ఎక్కువ మేలు. జీఎస్టీతో ఉన్న బిల్లు, దాని మీద యంత్రం సీరియల్ నంబరు తప్పక తీసుకోవాలి.

మూడు పిన్నుల ప్లగ్గును ఎర్తింగు ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి. ఎర్తింగు లేకపోతే లోహపు ఒళ్లు ఉన్న ల్యాప్‌టాప్‌ను ముట్టుకున్నప్పుడు చేతికి జుమ్మంటుంది.

తెరను ఒకసారి దుకాణం గుమ్మం దగ్గరికి తెచ్చి, పగటి వెలుతురులో చూడాలి.

అమ్మాయి రూళ్ల పుస్తకంలో ఈ చివరి సంగతి ఎర్ర సిరాతో తర్వాత చేర్చినది. ఆ పుస్తకం ప్రస్తుతం వారి ఇంట్లో లేదు. మొన్న వేసవిలో ఊళ్లో ముగ్గురు పిల్లలకు సీట్లు వచ్చాయి. ఒకరి తర్వాత ఒకరు తీసుకుపోయారు. ఇప్పుడు టంగుటూరులో ఎవరి దగ్గరో ఉన్నదట. తిరిగి రాగానే తమకు ఇవ్వమని మరో ఇద్దరు చెప్పి ఉంచారు. వారిలో ఒకరు పెదనాన్న కొడుకు.